మాస్టారు మళ్ళీ కొండెందుకు ఎక్కారు?

"ముట్టుకోవద్దు మేడం గారూ. అది కేసు సొత్తు."

వెనకనించి ఇన్‌స్పెక్టరు గొంతు వినబడినా డిటెక్టివ్ లేవలేదు. పోలీసు ఔట్‌పోస్టు వెనక రేకుల షెడ్డులో, సిమెంటు నేల మీద గొంతుక్కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మరీ చూస్తోంది ఆ సైకిలుని.

"ముట్టుకోలేదు, చూస్తున్నానంతే. చూపుక్కూడా సీలు వేస్తారా?"

తలుపు దగ్గరున్న కానిస్టేబులు నవ్వబోయి, అధికారి మొహం చూసి ఆ నవ్వుని దగ్గులోకి మార్చుకున్నాడు.

అది లెక్కల మాస్టారి సైకిలు. ఉద్యోగం నించి దిగిపోయాక కూడా ఊళ్ళో అందరూ ఆయన్ని మాస్టారనే అంటారు. కొండల మధ్య పల్లెదారుల్లో నాలుగు రోజుల సైకిలు యాత్రకి బయల్దేరిన ఆరుగురిలో ఆయనొకడు. మూడో రోజు కనుమ దాటి దిగే దారిలో, ఒక మలుపు కింద, లోయలో శవమై దొరికాడు. అదే దారిలో ఆయన వెనక వస్తున్న నర్సు అసలే దొరకలేదు. మనిషీ లేదు, సైకిలూ లేదు. ఆమె ఫోను మాత్రం పట్టణం బస్టాండులో, ఆడవాళ్ళ గది బయటి కిటికీ గట్టు మీద దొరికింది.

ఇన్‌స్పెక్టరుకి అంతకంటే ఏం కావాలి? పొద్దున టీ తాగేచోట ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. "మీకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు, నాకున్నారు" అని ఆమె అరవడం మిగతా నలుగురూ విన్నారు. కోపంలో తోసింది, భయంతో పారిపోయింది. కేసు ముగిసింది, మనిషి దొరకడమే తరువాయి.

కాని ఆ నర్సుకి రెండేళ్ళ కూతురుంది. ఆమె పారిపోలేదని నమ్మేది లోకంలో ఒక్కరే, ఆమె అత్తగారు. ఆ ముసలావిడ మాట మీదే డిటెక్టివ్ ఈ కొండల్లోకి వచ్చింది. నర్సు పారిపోకపోతే ఈ కొండల్లోనే ఎక్కడో ఉంది. రెండు రాత్రులు గడిచాయి. మూడో రాత్రి చలికి మనిషి నిలవదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, చెయిను ఎక్కడుందో చూశారా?"

"ఉండాల్సిన చోటే ఉంది."

"ముందు చిన్న పళ్ళచక్రం మీద, వెనక అన్నిటికంటే పెద్దదాని మీద. నిట్టనిలువు ఎత్తు ఎక్కేటప్పుడు, ఊపిరందక కళ్ళు తేలేసేటప్పుడు వేసుకునే గేరు. కొండ దిగేవాడికి దాంతో ఏం పని?"

"అవతలివైపు నించి ఎక్కే కదా వచ్చాడు! అదే గేరులో దిగుంటాడు. పెద్దవాడు, మర్చిపోయాడు. లేదా మావాళ్ళు లోయలోంచి పైకి లాగుతుంటే మారిపోయుంటుంది."

"లాగితే మారదండీ. పెడలు తిరగాలి, చక్రం తిరగాలి, అప్పుడే చెయిను దీని మీంచి దాని మీదకి ఎక్కేది. ఈ వెనక చక్రం చూడండి, మెలితిరిగిపోయి ఫ్రేములో ఇరుక్కుంది. వేలితో తోసినా కదలదు. పడ్డప్పుడు ఏ గేరులో ఉందో ఇప్పుడూ అందులోనే ఉంది."

"మర్చిపోయాడన్నాను కదా."

"సరే, మర్చిపోయారనే అనుకుందాం. చలికోటు సంగతేమిటి?" ఇప్పుడు లేచి నిలబడింది డిటెక్టివ్. "కనుమ మీద అందరూ కలిసి ఫొటో దిగారు. అందులో మాస్టారు కోటు తొడుక్కుని, గడ్డం దాకా జిప్పు లాక్కుని ఉన్నారు. చెమటతో తడిసిన ఒంటితో దిగితే గాలికి కొయ్యబారిపోతారు, అందుకే దిగేముందు ఎవరైనా కోటు వేసుకుంటారు. మరి లోయలో దొరికినప్పుడు ఆ కోటెక్కడుంది?"

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు తిరిగాడు.

"క్యారియరుకి కట్టుందండీ, మడతపెట్టి" అన్నాడు కానిస్టేబులు. అన్నాక ఎందుకన్నానా అని నాలిక్కరుచుకున్నాడు.

"కోటేసుకుని కొండ దిగారు. కింద విప్పి, మడిచి, కట్టి, గేరు మార్చుకుని మళ్ళీ ఎక్కడం మొదలెట్టారు. మాస్టారు దిగుతూ పడలేదు. రెండోసారి ఎక్కుతుండగా పడ్డారు."

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు, రెండే రెండు.

"బావుంది. ఎక్కేవాణ్ణి తొయ్యడం ఇంకా తేలిక. మీ నర్సమ్మకి పని సులువైందంతే."

"ఆవిడ కోసం కొండ మీద వెతికించండి."

"నాకున్నది పదిమంది. వాళ్ళని బస్టాండుల్లో పెట్టాను. ఫోను బస్టాండులో దొరికితే మనిషిని కొండ మీద వెతకనా? రేపు పేపర్లు నన్ను కడిగేస్తాయి." గొంతు తగ్గించాడు. ఇద్దరూ ఒకే ఏడాది డిపార్టుమెంటులో చేరినవాళ్ళు. ఆమె కాన్పు తర్వాత ఉద్యోగం మానేసింది, అతను మెట్లెక్కుతూ పోయాడు. "ఒక్క మాట మాత్రం మీ మంచికే చెబుతున్నా. ఈ గేరు ముక్క ఎవరి దగ్గరా అనకండి. కనిపెట్టిందల్లా ఎదుటివాడి ముందు పరిచేసే జబ్బు మీకు మొదట్నించీ ఉంది. పసిపిల్ల తల్లి, హాయిగా ఇంటిపట్టున ఉండక..."

"నా పిల్ల ఇంట్లో క్షేమంగా ఉంది. ఆవిడ పిల్ల మీ వరండాలో ఉంది. వెళ్ళేటప్పుడు ఓసారి చూసి వెళ్ళండి" అని డిటెక్టివ్ బయటికి నడిచింది.

వరండా బెంచీ మీద అత్తగారు కూర్చుని ఉంది. ఒళ్ళో పాప. పాప ఒక కాలికి మేజోడు ఉంది, రెండోది ఆవిడ పిడికిట్లో ఉంది. తొడగబోతూ ఎప్పుడో మర్చిపోయినట్టుంది.

"ఏమన్నాడమ్మా? వెతికిస్తాడటా?"

"వెతికిస్తున్నారు పెద్దమ్మా."

"బస్టాండుల్లోనేగా! నాకు చెవుడు లేదమ్మా, అన్నీ వినబడ్డాయి." ముసలావిడ మేజోడుని పిడికిట్లో నలిపింది. "ముందే చెబుతున్నా, నాకూ దానికీ పడదు. ఒక మాటంటే నాలుగంటుంది. కాని పారిపోయే మనిషా అది? బయల్దేరేముందు గౌన్లన్నీ ఉతికి, ఏ రోజు ఏది తొడగాలో నాకు చెప్పి మరీ వెళ్ళింది. నాకు! ముగ్గుర్ని కని పెంచినదానికి!"

"రోజూ ఫోను చేసేదా?"

"దాంతోనే వచ్చింది చావు. కొండల్లో ఫోను పలకదట, రాత్రి బస చేసే చోటే పలుకుతుందట. మొదటి రోజు వేళకే చేసింది. రెండో రోజు చేరడం ఆలస్యమై, చేసేసరికి ఇది నిద్రపోయింది. ఫోనులో ఒకటే ఏడుపు. 'రేపు ఎలాగైనా పొద్దుగూకేలోపు చేస్తానత్తయ్యా, కాస్త మేలుకునేట్టు చూడండి' అంది. నేను దీన్ని ఆడిస్తూ, నిద్రకి తూలుతుంటే మొహం కడుగుతూ కూచోబెట్టాను. చెయ్యలేదు." ఆవిడ పాప తల మీద గడ్డం ఆనించింది. "దీని తండ్రి ఓడ మీదున్నాడు. వాడొచ్చి అడిగితే ఏం చెప్పను? నీ పెళ్ళాన్ని బస్టాండుల్లో వెతుకుతున్నారు నాయనా అని చెప్పనా?"

డిటెక్టివ్ మేజోడు తీసుకుని పాప రెండో కాలికి తొడిగింది. పాదం చల్లగా ఉంది. తన కూతురి పాదం గుర్తొచ్చింది. లేచి గబగబా బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

దారి పొడుగునా ఆమెకి ఒకటే ఆలోచన. పొద్దుగూకేలోపు చేరాలన్న మనిషి, ఆలస్యమవుతోందని మాస్టారి మీదే అరిచిన మనిషి, దిగుడు దారిలో ఎందుకు వెనకబడింది?

యాత్రవాళ్ళు దిగిన లాడ్జి కొండ పాదం దగ్గర, రోడ్డుకి ఆనుకుని ఉంది. పోలీసులు కదలొద్దన్నారని అందరూ అక్కడే ఉండిపోయారు. ముందు దిగిన ముగ్గురూ చెప్పవలసింది చెప్పేశారు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు దిగారు, లాడ్జి చేరారు, వెనకవాళ్ళ కోసం చూశారు. వాళ్ళకి ఇంకేమీ తెలియదు. మిగిలింది యాత్ర నడిపించే ఆయన. అందరూ ఆయన్ని కెప్టెన్ అంటారు. ఎండకి కమిలిన మొహం, ఎవరినైనా ఇట్టే కలుపుకునే నవ్వు. ఆ రోజు నవ్వు లేదు. భోజనాల గదిలో ఆమెకి కుర్చీ లాగి, తనే టీ పోసి ఇచ్చాడు.

"అడగండి మేడం. ఆయన నాకు తండ్రిలాంటివాడు. ఏం చెప్పమన్నా చెబుతాను."

"నాకు సైకిలు యాత్రల గురించి అట్టే తెలీదండీ. ఎవరు ముందు, ఎవరు వెనక అనేది ఎలా నడుస్తుంది?"

తనకి బాగా తెలిసిన సంగతి అడిగేసరికి కెప్టెన్ భుజాలు కాస్త సడలాయి. "ఎవరి జోరు వాళ్ళది. కాని ఒక నియమం. ప్రతి చీలిక దగ్గరా, ప్రతి వంతెన దగ్గరా ముందువాడు ఆగాలి. వెనకవాడు కంటికి కనబడ్డాకే కదలాలి. అలా అయితే ఎవరూ దారి తప్పరు."

"వెనకవాడు రాకపోతే?"

"వెనక్కెళ్ళి చూడాలి. ఎంత ఎత్తయినా సరే."

"చిట్టచివర ఎవరుంటారు?"

"నేనే. చివరివాణ్ణి మేం తోక అంటాం. పంపూ, పనిముట్లూ నా దగ్గరే ఉంటాయి. తోక ఎవర్నీ దాటకూడదు."

"మంచి నియమాలండీ." ఆమె టీ ఒక గుక్క తాగింది. "మరి ఆ రోజు?"

కెప్టెన్ తడుముకోకుండా చెప్పుకుపోయాడు. ఫొటో అయ్యాక ముగ్గురు ముందు దిగారు. తర్వాత మాస్టారు, ఆయన వెనక నర్సు, చివర తను. సగం కొండ దిగాక ఆ మలుపు దగ్గర మాస్టారూ నర్సూ సైకిళ్ళు ఆపుకుని వాదులాడుకుంటున్నారు. తను ఆగాడు. 'నువ్వు పదవయ్యా, మేం వస్తాం' అన్నారు మాస్టారు. పెద్దాయన మాట కాదనలేక వాళ్ళని దాటి కిందికొచ్చేశాడు.

"అంటే తోక దాటిందన్నమాట."

"అదే నేను చేసిన తప్పు మేడం." కళ్ళు తుడుచుకున్నాడు. "నేను అక్కడే నిలబడి ఉంటే ఆయన బతికుండేవారు."

ఆ కన్నీరు దొంగది కాదని ఆమెకి తెలుస్తూనే ఉంది. నిజంగా కుమిలిపోతున్న మనిషే. అదే ఆమెని తొందరపెట్టింది. ఇంకొక్క మాట అంటే నిజం కక్కేస్తాడనిపించింది. రెండు రాత్రులైపోయాయన్న మాట చెవిలో రొద పెడుతోంది. ఇన్‌స్పెక్టరు హెచ్చరిక గుర్తుంది, గుర్తుండీ ఆగలేకపోయింది.

"కెప్టెన్ గారూ, మాస్టారి సైకిలు ఎత్తెక్కే గేరులో ఉంది. కోటు మడిచి క్యారియరుకి కట్టుంది."

ఆయన చేతిలో గ్లాసు బల్లకి తగిలి చప్పుడైంది.

"ఆయన ఆ మలుపు దగ్గర ఎవరితోనూ వాదించలేదు. కింద వంతెన దాకా దిగిపోయారు. మీ నియమం ప్రకారం ఆగి, వెనక రావలసిన నర్సు కోసం చూశారు. రాలేదు. మీరూ రాలేదు. అప్పుడు ఆ వయసులో, అంత కొండా మళ్ళీ ఎక్కడం మొదలెట్టారు. మీరన్నట్టు మీరు ముందే కిందికొచ్చేసి ఉంటే, ఆ వంతెన దగ్గర ఆయనకి కనబడి ఉండేవారు. అడిగేవారు, చెప్పేవారు. మీరు ఆయనకి కనబడలేదు. ఎందుకంటే ఆయన పైకెక్కి వచ్చేసరికి మీరింకా పైనే ఉన్నారు."

కెప్టెన్ గ్లాసు దూరంగా జరిపాడు. "అది... నాకు సరిగ్గా గుర్తులేదు మేడం. ఆ రోజునించీ నిద్రే లేదు. మలుపు అదో, ఇంకోటో..."

"ఆవిడ ఎక్కడుంది?"

"నాకేం తెలుసు? పోలీసులే చెప్పారు కదా, బస్టాండులో..."

"ఎక్కడుంది? బతికుందా?"

ఆ మాటకి ఆయన మొహంలో రక్తం లేదు. "లేదు" అన్నాడు పెదాల్లోంచి, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. వెంటనే సర్దుకున్నాడు. "నా ఉద్దేశం... నాకు తెలీదు. తల తిరుగుతోంది. కాస్త మొహం కడుక్కుని వస్తానండీ." లేచి వంటింటి వైపు వెళ్ళాడు.

ఆపడానికి ఆమె పోలీసు కాదు, చేతిలో అధికారం లేదు. ఫోను తీసి ఇన్‌స్పెక్టరుకి జరిగింది రెండు ముక్కల్లో చెప్పింది. అవతలినించి ఒక తిట్టు వినబడి, ఫోను ఆగిపోయింది.

లాడ్జి నడిపే ఆవిడ గ్లాసులు తియ్యడానికి వచ్చింది. నోరు మంచిదే గాని విశ్రాంతి లేనిది.

"కెప్టెనుకి ఏమైందమ్మా? దెయ్యం పట్టినట్టు పోతున్నాడు. పాపం ఈసారి ఆయనకి అన్నీ ఎదురు దెబ్బలే. కొత్త దారి పెడతానని ఎంత ఉబలాటపడ్డాడో!"

"కొత్త దారా?"

"కొత్తదేం కాదులే, పాత రోడ్డే. ఆ మలుపుకి కాస్త ఎగువన చీలుతుంది, రాళ్ళు అడ్డం పెట్టుంటాయి. అటు వస్తే సగం దూరం కలిసొస్తుంది. 'వచ్చే ఏటినించీ అందర్నీ అటే దింపుతానక్కా, పొద్దుండగానే నీ టీ తాగుతారు' అన్నాడు. నేను వద్దన్నా. మొన్న వానలకి అక్కడ కల్వర్టు కొట్టుకుపోయిందయ్యా, రోడ్డు సగంలో తెగిపోయి ఉందీ అని మొత్తుకున్నా. 'నువ్వు చూశావా, విన్నావా?' అన్నాడు. విన్నాననే అన్నా. 'విన్నమాటలకేంలే, రాళ్ళేసి పూడ్చే ఉంటారు' అని నవ్వేశాడు."

డిటెక్టివ్ కుర్చీలోంచి లేచింది. సగం దూరం కలిసొస్తుంది. పొద్దుగూకేలోపు కూతురితో మాట్లాడాలని ఆరాటపడుతున్న తల్లికి ఎవరైనా ఆ మాట చెబితే, ఆ తల్లి ఏం చేస్తుంది? రాళ్ళు కాదు, గోడ కట్టి ఉన్నా దాటుతుంది. తనైతే దాటేది.

"వాళ్ళ సామాన్లు తెచ్చే వ్యాను ఎక్కడుంది?"

"పెరట్లో. తాళం కూడా ఉండదు."

వ్యానులో సంచులన్నీ ఎవరివి వాళ్ళు తీసుకోగా మాస్టారిదీ, ఒక నీలం సంచీ మిగిలిపోయాయి. దాని పక్క జేబుకి చిన్న గుడ్డబొమ్మ పిన్నీసుతో గుచ్చి ఉంది, పసిపిల్లలు ఇచ్చే బహుమతిలాంటిది. డ్రైవరు సీటు పక్కన చార్జరు పెట్టి ఉంది. దాని తీగ మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, నర్సు పేరు రాసి ఉంది, ఆసుపత్రిలో సీసాల మీద రాసినట్టు గుండ్రంగా. తీగ కొస ఖాళీగా వేలాడుతోంది.

కొండల్లో పలకని ఫోనుని ఆమె వెంట మోసుకెళ్ళనేలేదు. చార్జికి పెట్టి వ్యానులో వదిలింది. వ్యానులో ఉన్న ఫోను బస్టాండుకి నడుచుకుంటూ పోదు.

జీపు వచ్చి కీచుమని ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగుతూనే ఒంటికాలి మీద లేచాడు.

"చెప్పానా లేదా? చెప్పానా లేదా మీకు? సాక్ష్యమంతా ఆకేసి వడ్డించినట్టు వాడి ముందు పెట్టారు! ఏడీ వాడు?"

"మొహం కడుక్కుంటానని లోపలికెళ్ళాడు."

"ఎప్పుడో వెళ్ళాడండీ, ఈవిడ ఫోను మాట్లాడుతున్నప్పుడే" అంది లాడ్జి ఆవిడ గుమ్మంలోంచి. "వెనక తలుపున సైకిలేసుకుని ఎత్తు వైపు పోయాడు. వెతకడానికేమో అనుకున్నా."

"విన్నారుగా! కనుమ దాటాడంటే అవతలి జిల్లా. ఇక వాడు నాకు దొరికినట్టే!"

అతని కోపంలో న్యాయం ఉందని డిటెక్టివ్‌కి తెలుసు. తిరిగి ఒక్క మాట అనలేదు. వ్యాను తలుపు తీసి ఆ తీగ చూపించింది.

"నన్ను తర్వాత తిట్టండి, పడతాను. ముందు ఒక్కటి చెప్పండి. మాస్టారూ నర్సూ రాలేదని, వెతకాలని, ఆ సాయంత్రం పట్టణానికొచ్చి మీకు కబురు చెప్పిందెవరు?"

"కెప్టెనే."

"ఎందులో వచ్చాడు?"

ఇన్‌స్పెక్టరు వ్యాను దగ్గరికి వచ్చాడు. తీగ వంక చూశాడు. సీటు వంక చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ వ్యానులోనే" అన్నాడు. "డ్రైవరు వద్దన్నా వినకుండా తనే తోలుకొచ్చాడట. నా బల్ల ముందే కూర్చుని ఏడ్చాడు. నేనే మంచినీళ్ళిచ్చాను." వ్యాను తలుపు మూశాడు. "రెండు రాత్రులు బస్టాండుల్లో మనుషుల్ని నిలబెట్టాను. పద, ఎక్కు. ఎక్కడంటావు?"

ఉద్యోగంలో ఉన్న రోజుల తర్వాత అతను ఆమెని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. ఇద్దరూ అది గమనించే తీరికలో లేరు.

జీపు ఎత్తెక్కుతుంటే ఆమె చెబుతూ పోయింది. కెప్టెన్ నర్సుని పాత రోడ్డు మీద పంపాడు. చెడు తలపుతో కాదు, తన కొత్త దారి ఎంత బావుందో ఒకరితో అనిపించుకోవాలని, ఆమె ఆత్రం తీర్చినట్టూ ఉంటుందని. తెగిన రోడ్డు ఆమెకి కనబడేసరికి ఆలస్యమైపోయింది. కెప్టెన్ వెనకే వెళ్ళి చూసి, చచ్చిపోయిందనుకున్నాడు. ఒణుకుతూ చీలిక దగ్గరికి తిరిగొచ్చేసరికి కిందినించి మాస్టారు ఎక్కి వస్తున్నారు. ఏదీ అమ్మాయి అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు లేక చేతులు పనిచేశాయి.

"యాత్రలు మూతబడతాయని ఒక ముసలాయన్ని లోయలోకి..." ఇన్‌స్పెక్టరు మాట పూర్తిచెయ్యలేదు.

మాస్టారు పడ్డ మలుపు దాటి కాస్త పైకెళ్ళాక చీలిక వచ్చింది. అడ్డంగా పేర్చిన రాళ్ళు, వాటి వెనక గడ్డి మొలిచిన పాత తారు రోడ్డు. చుట్టుపక్కల సైకిలేదీ లేదు.

"ఇక్కడ ఆగలేదు. కనుమ వైపే పోయాడు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. జీపు తోలుతున్న కానిస్టేబుల్ని కనుమ మీదికి తరమమన్నాడు. అతనూ డిటెక్టివూ రాళ్ళు దాటి పాత రోడ్డు మీద పరుగులాంటి నడక అందుకున్నారు. పొద్దు అప్పటికే కొండ భుజం మీదికి వాలింది. నీడ పడిన చోటల్లా చలి కాళ్ళని పట్టుకుంటోంది.

రెండు మలుపుల తర్వాత రోడ్డు లేదు. కత్తితో కోసినట్టు తెగిపోయి, దాని అవతలి ముక్క పది అడుగుల దూరంలో గాలిలోకి మూతి చాపి ఉంది. మధ్యలో చీకటి గండి, అడుగున నీటి హోరు. అంచున తారు మీద టైరు జారిన నల్లటి చార స్పష్టంగా ఉంది. ఆఖరి క్షణంలో రెండు బ్రేకులూ బిగించి పట్టుకున్న మనిషి గీసిన చార అది. దాని మీద చెయ్యి పెట్టి డిటెక్టివ్ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. అంచుకి బోర్లా పడుకుని తల కిందికి చాపింది. పొదలు, బండలు, నురగ. ఏమీ కనబడలేదు.

రెండు చేతులూ నోటికి దోనెలా పట్టి అరిచింది.

"అమ్మాయ్! అక్కడున్నావా? మీ అత్తయ్య పంపింది! పాప బావుంది! పాప నీ ఫోను కోసం చూస్తోంది!"

నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ అరిచింది. గొంతు పగిలిపోయింది.

అప్పుడు వినబడింది. నీటి హోరుకింద, సన్నగా, ఎవరో చెంచాతో గ్లాసు తట్టినట్టు. ట్రింగ్. కాస్త ఆగి, మళ్ళీ. ట్రింగ్ ట్రింగ్. సైకిలు గంట.

"బతికే ఉంది!" ఇన్‌స్పెక్టరు చిన్నపిల్లాడిలా కేకేశాడు. "బతికే ఉంది, విన్నావా! అదిగో, ఆ బండ వెనక..."

డిటెక్టివ్‌కి ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. "వస్తున్నామమ్మా! ఆపకు, మోగిస్తూనే ఉండు! ఎక్కడున్నావో మాకు తెలియాలి!"

గంట మోగింది. ఈసారి ఇంకా గట్టిగా, ఆశ పుట్టిన చేత్తో.

భుజం మీద ఇన్‌స్పెక్టరు చెయ్యి బిగుసుకుంది. నొప్పి పుట్టేంతగా. ఆమె తలెత్తి చూసింది. అతను గండిలోకి చూడటం లేదు. పక్కకి, పొదల వెనకకి చూస్తున్నాడు. అక్కడ కెప్టెన్ సైకిలు పడేసి ఉంది. దాని పక్కన మిగిలిపోయిన కల్వర్టు స్తంభానికి కొత్త నైలాను తాడు ముడివేసి ఉంది. తాడు అంచు మీదుగా కిందికి దిగి, వీణ తీగలా బిగిసి, సన్నగా ఒణుకుతోంది. దాని మీద ఒక మనిషి బరువుంది.

శవాన్నీ సైకిలునీ దాచడానికి దిగినవాడికి, అది శవం కాదని ఇప్పుడే తెలిసింది. కేకేసి తెలియజెప్పింది డిటెక్టివే.

ఇన్‌స్పెక్టరు తాడు మీదికి ఉరికాడు. అతని చెయ్యి పడేలోపే తాడు ఒక్కసారి ఊగి, వదులైపోయింది. కింద వాడి కాళ్ళు నేలకానాయి.

"ఆపు!" అని డిటెక్టివ్ గండిలోకి అరిచింది. "అమ్మాయ్, ఆపు! మోగించకు!"

నీటి హోరులో ఆ మాట ఎంతవరకు చేరిందో తెలియదు. గంట మాత్రం మోగుతూనే ఉంది. ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని.